ఏడు దుప్పట్ల కొండలో పలికిన రాయి

అనగనగా... ఉండండుండండి, ఊఁ కొట్టేవాళ్లు ముందుకు జరగండి, నిద్రొచ్చేవాళ్లు గోడకి ఆనుకోండి. అలలు రాయిగా మారినంత పాత కథ ఇది. మధ్యలో లేస్తే ఒప్పుకోను.

అనగనగా ఒక సీమ. ఆ సీమలో వానలు తక్కువ, రాళ్లు ఎక్కువ. అక్కడొక కొండ. చలికాలం పోయాక ఏ మహాతల్లో దుప్పట్లన్నీ మడిచి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండేది. అడుగున నల్లది, దాని మీద బూడిద రంగుది, ఆపైన పసుపు, ఆపైన ఎరుపు... ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఏడే పొరలు. అందుకే దానికి ఏడు దుప్పట్ల కొండ అని పేరు.

కొండ కింద బండలపల్లె. ఊరంతా రాతిపనివాళ్లే. అడుగు దుప్పటిలోంచి పలకలు పలకలుగా బండలు లేపి, సంతకు తోలి, గింజలకు మార్చుకునేవాళ్లు. వాళ్లకొక ఆచారం ఉంది. ఏ రాయినైనా సుత్తితో కొట్టేముందు వేలి కణుపులతో మూడుసార్లు తట్టాలి, చెవి ఆనించి వినాలి. ఖంగుమంటే మంచి రాయి, తియ్యొచ్చు. గుడగుడమంటే లోపల పగులుంది, ముట్టుకుంటే పైనున్న కొండ నెత్తిన పడుతుంది. ఆ ఊళ్లో ఉయ్యాల్లో పిల్లలు కూడా ఈ మాట వింటూనే నిద్రపోయేవాళ్లు:

“పలికితే తియ్యి, మూలిగితే మాను.”

రాయి మాట అందరికన్నా బాగా వినేది సుంకులు. రాతిపనివాళ్ల పెద్ద మద్దిలేటికి ఒక్కగానొక్క కూతురు, పదహారేళ్ల పిల్ల. కాలు ఒకచోట నిలవదు, నోరు అసలే నిలవదు. “దీని నోటికి తాళం లేదు గానీ, చెవులు మాత్రం బంగారం” అనేవాడు మద్దిలేటి. ఆ మాట విన్నరోజు సుంకులు కాళ్లు నేలకి ఆనేవి కావు.

ఇంతలో రెండేళ్లపాటు వాన మొహం చాటేసింది. అడుగు దుప్పటిలో మంచి బండలూ అయిపోయాయి. తట్టిన రాయల్లా మూలిగేదే! పన్నెండిళ్ల వాళ్లు తలుపులు బిగించి, మూటలు నెత్తిన పెట్టుకుని, పొట్ట చేతపట్టుకుని దూరదేశం పోయారు. మిగిలినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ, “ఇంకొక్క నెల చూద్దాం. ఆ పైన మనమూ పోదాం” అనుకున్నారు.

అలాంటి రోజుల్లో ఒకనాడు సుంకులు మేకపిల్ల తప్పిపోయింది. అరుపు వినబడుతోంది, మేక కనబడదు. కొండ వెనక కలేకాయల ముళ్లపొదలు తప్పించి చూస్తే మనిషి పట్టేంత బొరియ! మనవాళ్లయితే ఏం చేస్తారు? నాన్నని పిలుస్తారు. సుంకులు పిలిచిందా? ఆముదం దీపం వెలిగించుకుని దిగనే దిగింది.

దిగి, నోరు తెరిచింది. ఆ నోటికి ఆ పూట మాటే రాలేదంటే నమ్మండి!

లోపల మండపమంత గుహ. పైనుంచి రాళ్లు వేలాడుతున్నాయి, ఊడల్లాగా, ఆవు పొదుగుల్లాగా, ఆరేసిన చీర కుచ్చెళ్లలాగా. కిందనుంచి రాళ్లు మొలుస్తున్నాయి. పైదీ కిందదీ కలిసిన చోట స్తంభాలు! పక్క గోడ చూస్తే రాతి మీద అలల ముడతలు, గాలి వీచిన చెరువు అలాగే గడ్డకట్టినట్టు. ఇక చప్పుడో! పై రాతినుంచి ఒక్కో చుక్కా జారి కింద రాతి మీద పడుతుంటే ఒకచోట టింగు, ఒకచోట టంగు, ఇంకోచోట గుంయ్. కొండ కూర్చుని తనలో తాను పాడుకుంటోంది!

మేకపిల్లని చంకనేసుకుని సుంకులు ఊళ్లోకి ఒకటే పరుగు.

“నాయనా! అవ్వా! మన కొండ బోలుగుంది! లోపల పాట పాడుతోంది!”

మద్దిలేటి తల్లి తిక్కవ్వ మాత్రం బొంగరంలా తిరుగుతున్న మనవరాలి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. “అరవగాకమ్మీ. అది నీళ్లు కట్టుకున్న ఇల్లు. చుక్క వచ్చి, తనలో కరిగిన సున్నం కాస్త వదిలి పోతుంది. ఇంకో చుక్క ఇంకాస్త. అట్లా వేలెడు రాయి పెరగాలంటే వెయ్యేళ్లు పడుతుందంట. నా చిన్నతనాన మా తాత తీసుకుపోయినాడు. సుత్తి బయట పెట్టి, చెప్పులు బయట పెట్టి పోయినాడు.”

“సుత్తి ఎందుకు బయట పెట్టినాడు అవ్వా?”

“నాకేం తెలుసే? అడిగే వయసా అది! ఐదేళ్లదాన్ని.”

మరుసటి వారం బండలు కొనే వర్తకుడు మాణిక్యగుప్తుడు బండ్లు కట్టించుకుని వచ్చాడు. కొనడానికి ఒక్క బండా లేదు. సంగతి విని గడ్డం నిమురుకున్నాడు.

“మద్దిలేటీ, మన గజకేతు మహారాజు కొత్త సభామండపం కట్టిస్తున్నాడు. ఎవ్వరూ కని విని ఎరుగని స్తంభం తెచ్చిన ఊరికి ఏడాదికి సరిపడా ధాన్యమట! నీ బిడ్డ చెప్పే రాళ్లలో ఒక్కటి కోసి ఇవ్వు. బండి నాది, దారి నాది.”

ఊరంతా ఎగిరి గంతేసింది. తిక్కవ్వ ఒక్కతే గొణిగింది. ఆకలిగా ఉన్న ఊరికి గొణుగుడు వినబడుతుందా?

అందరూ గుహలో దిగారు. నట్టనడుమ ఉన్న స్తంభం ముందు మద్దిలేటి ఆగి, “నువ్వు చూడమ్మీ” అన్నాడు. సుంకులు గుండె పొంగిపోయింది. ఊరంతా ఊపిరి బిగబట్టి తన చెవివైపే చూస్తోంది మరి! వేలి కణుపులతో మూడుసార్లు తట్టింది. గుడిగంట మోగినట్టు ఖంగుమని మోగింది రాయి.

“పలికింది నాయనా! పలికింది! తియ్యొచ్చు!”

సమ్మెట లేచింది. పడింది. స్తంభం పైనా కిందా తెగి తాళ్లలో ఒరిగింది. ఊరంతా హోయ్ అని అరిచింది.

ఆ అరుపు ఆగాక సుంకులుకి ఒకటి తెలిసింది. టింగు లేదు. టంగు లేదు. గుహ నోరు మూసుకుంది. ఎవరికీ వినబడని ఆ నిశ్శబ్దం తనకి మాత్రం వినబడింది. చెప్పాలని నోరు తెరిచింది. అందరి మొహాల్లో సంతోషం చూసి మూసుకుంది. జన్మలో మొదటిసారి సుంకులు తన నోటికి తానే తాళం వేసుకుంది.

స్తంభం బండెక్కి రాజధానికి పోయింది. వెంట మద్దిలేటి, సుంకులు, ఊరివాళ్లు ముగ్గురు. తొమ్మిది రోజుల ఎండలో తడి అంతా ఆరిపోయింది. ముత్యంలా మెరిసిన రాయి పాత సున్నపు గోడలా వెలిసిపోయింది. కొలువులో గజకేతు మహారాజు సింహాసనం దిగి వచ్చి ఉంగరం వేలితో తట్టాడు.

డొబ్.

ఇంకోసారి తట్టాడు. డొబ్. మూడోసారీ అదే. ఓటికుండకైనా ఇంతకన్నా మంచి గొంతుంటుంది. కొలువంతా కిసకిసమంది.

“ఇదేనా కని విని ఎరుగని స్తంభం? నాతోనే ఎకసక్కాలా?” అన్నాడు రాజు.

ఊరివాళ్లు ముగ్గురూ సుంకులు చెవిలో గుసగుసలు మొదలుపెట్టారు. “బండివాడు పడేశాడని చెప్పు” అన్నాడొకడు. “దారిలో ఎవరిదో దిష్టి తగిలిందని చెప్పు” అన్నాడు రెండోవాడు. “ఈ మండపం వాస్తు బాగాలేదని చెప్పు” అన్నాడు మూడోవాడు. ఆ మాటంటే తల తెగుతుందని వాడికి తోచలేదు పాపం!

సుంకులు ముందుకొచ్చింది.

“తప్పు నాది దొరా. తట్టింది నేను. పలికింది, తియ్యొచ్చు అన్నది నేను. అది బండ కాదు, ఉన్నచోట పాడే రాయి. తీసిన క్షణమే గుహ మూగబోయింది. నాకు వినబడి కూడా చెప్పలేదు. చేపని పళ్లెంలో పెట్టి ఈదమంటే ఈదుతుందా? పాట కావాలంటే మీరే మా కొండకి రావాలి.”

“రాయి రాజు దగ్గరికి వస్తుంది గానీ, రాజు రాయి దగ్గరికి పోతాడా?” మంత్రి పకపకా నవ్వాడు.

రాజు నవ్వలేదు. తప్పు తనదని చెప్పుకున్న మనిషిని ఆ కొలువులో ఆయన చూసి చాలా ఏళ్లయింది. “వస్తాను” అన్నాడు. “మూడుసార్లు దిగుతాను. పాట వినబడితే సరే. వినబడకపోతే నీ కొండని ముక్కలు చేయించి నా కోటగోడలో పెట్టిస్తాను. ఆ రాళ్లు మోసేది మీ ఊరే.”

మద్దిలేటి గుండెలు పట్టుకున్నాడు. “ఎంత పని చేస్తివే తల్లీ! ఆ గుహ మూగబోయిందని నువ్వే అంటివి కదా!”



రాజు కదిలాడంటే ఊరికే కదులుతాడా? ఏనుగులు, నగారాలు, బూరలు, అరవైమంది కొలువువాళ్లు! బండలపల్లె పుట్టి అంత దుమ్ము చూడలేదు.

మొదటిరోజు. గుహ వాకిట్లో ఢమఢమా నగారా మోగింది. లోపలున్న గబ్బిలాలు బుస్సుమని బయటికి దూకాయి, వందలకి వందలు! ఒకటి సేనాపతి మీసానికి చిక్కింది. సేనాపతి కేక, ఏనుగుల ఘీంకారం, బూరల గోల. లోపలికి దిగిన రాజుకి తన నగారా తప్ప ఏమీ వినబడలేదు. బయటికొచ్చి ఒక వేలు ముడిచాడు.

“ఒకటి.”

రెండోరోజు నగారాలు ఆగాయి. కానీ అరవైమందీ తలా ఒక కాగడా పట్టుకుని ఒకేసారి దిగారు. పొగే పొగ! దగ్గులే దగ్గులు! ఆ గోలలోనే టిక్కుమని చిన్న చప్పుడు. సుంకులు చెవి నిక్కింది.

“మంత్రిగారూ, మీ నడుముకట్టులో పెట్టుకున్నది బయటికి తియ్యండి.”

మంత్రి మొహం మాడిపోయింది. నడుములోంచి వేలెడు రాతిమొన తీశాడు. “ఒక్కటేగా పిల్లా, గుర్తుకోసం...”

“అరవైమందీ తలా ఒక్కటి గుర్తుకోసం తీస్తే మాకు గుర్తు చేసుకోవడానికి ఏం మిగులుతుంది అయ్యా?”

రాజు ఎర్రబడ్డ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. రెండో వేలు ముడిచాడు.

“రెండు.”

ఆ సాయంత్రం ఒక తమాషా జరిగింది. కొలువువాళ్లకి ఆకలేసింది. వంటబండ్లేమో దుమ్ములో వెనకబడ్డాయి. తిక్కవ్వ ఊళ్లో మిగిలిన గుప్పెళ్లు గుప్పెళ్లు జొన్నలన్నీ పోగేసి విసిరింది, వాకిట్లో పొయ్యి పెట్టి వేడివేడి రొట్టెలు, ఉల్లికారం వడ్డించింది. రొట్టె చేతిలో పట్టుకుని కొండని చూపిస్తూ, ఏ దుప్పటి ఏ కాలంలో పరిచారో, ఎక్కడ అలలు రాయి అయ్యాయో చెప్పుకొచ్చింది. పట్టుబట్టలవాళ్లు చిన్నపిల్లల్లా నోరు తెరుచుకుని విన్నారు. “ఇంకో రొట్టె అవ్వా!” “ఇంకో కథ అవ్వా!” రాత్రికి వంటబండ్లు వచ్చినా ఎవరూ లేవలేదు. రొట్టెకి బదులు గింజల బస్తాలే అవ్వ వాకిట్లో దింపారు.

సుంకులు ఆ బస్తాలవైపు చూసింది. కొండవైపు చూసింది. మళ్లీ బస్తాలవైపు. దాని బుర్రలో ఏదో టింగుమంది. అయితే రేపు పాట వినబడాలి కదా!

మూడోరోజు పొద్దున్నే రాజుకి దారికి అడ్డంగా నిలబడింది.

“దొరా, ఈసారి నా మాట మీద దిగండి. చెప్పులొద్దు. కాగడా వద్దు, నా ఆముదం దీపం చాలు. తోడు ఎవ్వరూ వద్దు.”

“ఇంకేమైనా ఉందా?” అన్నాడు రాజు వ్యంగ్యంగా.

“ఉంది. కిరీటం. దాని మొన పైనున్న రాళ్లకి గీసుకుంటుంది.”

కొలువంతా ఉలిక్కిపడింది. మద్దిలేటి కళ్లు మూసుకున్నాడు. గజకేతు మహారాజు ఆ పిల్ల మొహంలోకి చూశాడు. తర్వాత కిరీటం తీసి, పక్కనే ఉన్న తిక్కవ్వ చేతిలో పెట్టాడు.

“జాగ్రత్త అవ్వా.”

“నువ్వూ జాగ్రత్త నాయనా, లోపల జారుతుంది” అంది తిక్కవ్వ.

ఇద్దరూ దిగారు. దీపం చిన్నది, చీకటి పెద్దది. తెగిన స్తంభం మోడు దగ్గర కూర్చున్నారు. వినబడింది ఏమీ లేదు. సుంకులు గుండె మాత్రం నగారా కొడుతోంది. ‘నేనే చంపాను. పాడే గొంతు మీద చెయ్యి వేసి, తియ్యొచ్చు అని అరిచాను.’ కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, చప్పుడవుతుందని.

కాసేపు గడిచింది. ఇంకాసేపు. రాజు మూడో వేలు ముడవబోయాడు.

టింగు.

పైనున్న తెగిన మోడు నుంచే! సమ్మెట అదురుకి దారి తప్పిన నీళ్లు మళ్లీ తమ దారి వెతుక్కున్నాయి. అక్కడే ఒక చుక్క ఊరి, నిండి, దీపం వెలుగులో మెరిసి, కింది మోడు మీద పడింది. ఆ వెంటనే ఎడమవైపు టంగు. ఎక్కడో లోపల గుంయ్. టింగు టంగు, టింగు టంగు, ఇక చూడండి! గుహ గుహంతా అందుకుంది! రాజు ముడవబోయిన వేలు అలాగే గాలిలో ఉండిపోయింది.

చాలాసేపటికి గుసగుసగా అడిగాడు. “ఈ మోడు మళ్లీ పెరుగుతుందా?”

“పెరుగుతుంది దొరా. మీ వెనక ఒక నలభైమంది రాజులు ఏలి పోయాక వస్తే, వేలెడు కనబడుతుంది.”

రాజు తన వేలు చూసుకున్నాడు. మెల్లగా దించాడు. “నా కోటకి అంత ఆయుష్షు ఉంటుందంటావా?” అన్నాడు. సుంకులు ఆ ఒక్కసారికి తెలివిగా నోరు మూసుకుంది.

బయటికొచ్చాక, “ఏం కావాలో కోరుకో” అన్నాడు.

ఊరంతా పెదవులు కదిలిస్తోంది: ధాన్యం! ధాన్యం అడగవే!

“మూడు కావాలి దొరా. కొండ మా ఊరి చేతిలోనే ఉండాలి. లోపల విన్నది మీ కొలువులో అందరికీ చెప్పాలి. మేము కోసిన స్తంభాన్ని మాకు తిరిగి ఇచ్చెయ్యాలి.”

“ఆ మూగరాయి ఎందుకు?”

“పని ఉంది దొరా.”

రాజు మూడూ ఇచ్చాడు. అడగని ధాన్యం కూడా ఒక బండెడు పంపాడు, అది వేరే సంగతి.

రాజు కిరీటం తీసి పెట్టి విన్న పాటంటే జనం ఆగుతారా? ఈ రాజ్యం నుంచి ఆ రాజ్యం నుంచి రావడం మొదలుపెట్టారు. మద్దిలేటి విరిగిన బండలతోనే మెట్లు పరిచాడు. రొట్టెలు కాల్చేవాళ్లు కాల్చారు, పడకలిచ్చేవాళ్లు ఇచ్చారు, ముసలివాళ్లు ఏడు దుప్పట్ల కథ చెప్పారు. వలసపోయిన పన్నెండిళ్ల తలుపులూ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

మూగస్తంభాన్ని సుంకులు గుహ వాకిట్లో నిలబెట్టించింది. వచ్చినవాళ్లు ముందు దాన్ని తట్టాలి. డొబ్.

“ఇది నేను చేసిన తప్పు,” అనేది సుంకులు, పెద్దాచిన్నా ఎవరొచ్చినా దాచకుండా. “ఇప్పుడు చెప్పులు విడిచి ఏడుగురు రండి, చేతులు కట్టుకుని వినండి.” ఒక్కసారికి ఏడుగురే, దుప్పటికొకరు. అమావాస్య నాడు ఎవ్వరూ దిగకూడదు, ఆ రోజు గుహకి విశ్రాంతి.

ఏడాది తిరిగేసరికి మాణిక్యగుప్తుడు మళ్లీ వచ్చాడు. వాకిట్లో జనాన్ని చూసి అతని కళ్లు పత్తికాయల్లా విచ్చుకున్నాయి.

“ఏడుగురేంటి మద్దిలేటీ, ఏడు వందలమంది పడతారు! ఈ గుహ మూతి పగలగొట్టు. ఏనుగు దూరేంత వాకిలి చెయ్యి. సత్రాలు నేను కడతా, మీరు కాళ్లు చాపుకుని కూర్చోండి!”

ఊళ్లో కొందరికి నోరూరింది. “నిజమే కదా మామా” అన్నారు. “కొట్టిచూద్దాం” అన్నారు.

మద్దిలేటి లేచాడు. సమ్మెట చేతిలోకి తీసుకున్నాడు. గుహ మూతి దగ్గరికి పోయి, ఆచారం ప్రకారం మూడుసార్లు తట్టి చెవి ఆనించాడు. అందరినీ పిలిచి వాళ్ల చెవులూ ఆనించమన్నాడు. లోపలెక్కడో, ముసలి ఎద్దు పడుకోబోతూ మూలిగినట్టు, గుడగుడగుడ...

“విన్నారా? మూలిగితే మాను!” అని సమ్మెట కింద పెట్టేశాడు. “గుప్తయ్యా, ఏడుగురు చొప్పున వస్తే ఏడు తరాలు వస్తారు. ఏడు వందలమంది ఒక్కసారి వస్తే ఏడేళ్లు కూడా రారు. మాకు కాళ్లు చాపుకుని కూర్చోవడం రాదు. వచ్చావు గనక మా అమ్మ రొట్టె తిని పో. కానీ ముందు ఆ స్తంభం తట్టు.”

మాణిక్యగుప్తుడు తట్టాడు. డొబ్. ఆ రాయిని బండెక్కించింది తానేనని గుర్తొచ్చి తల దించుకున్నాడు. చెప్పులు విడిచాడు, వరసలో ఏడోవాడుగా నిలబడ్డాడు.

ఆ రోజునుంచి బండలపల్లె ఉయ్యాల్లో పిల్లలు వినే మాట కాస్త మారింది. “పలికితే తియ్యి” అనడం మానేశారు. “పలికితే విను, మూలిగితే మాను” అంటున్నారు. ఆ మోడు మీద చుక్క ఇంకా పడుతూనే ఉందట. మనమూ ఎప్పుడైనా పోదాం, చెప్పులు మాత్రం బయటే విడవాలి సుమా!

నీతి: నేలతల్లి ఇచ్చిన వింతని కోసి అమ్ముకుంటే ఒక ఏడాది తిండి; ఉన్నచోటే కాపాడుకుని నలుగురికీ చూపిస్తే ఊరికి తరతరాల బతుకు.